ఐదో స్థాయి వచ్చింది సరే, ఎవరికి వచ్చిందో కూడా రాయండి

సంపాదక మహాశయులకు,

మీ పత్రిక వాణిజ్య పుటలో కొంతకాలంగా ఒకే మూసలో వస్తున్న కొన్ని వార్తలను చూసి ఈ లేఖ రాస్తున్నాను. ఫలానా సంస్థ ప్రక్రియల పరిణతిలో, అంటే పని చేసే పద్ధతులు ఎంత కుదురుకున్నాయన్న కొలతలో, అత్యున్నతమైన ఐదో స్థాయికి చేరిందని, ఇక దాని పనితనానికి ఢోకా ఉండదని, పోటీ సంస్థలు ఇంకా మూడో స్థాయిలోనే ఉన్నాయని ఆ వార్తలు చెబుతాయి. పక్కనే, అద్దంలో బిగించిన పత్రాన్ని చెరోవైపు పట్టుకుని నవ్వుతున్న ఇద్దరు అధికారుల ఫొటో ఉంటుంది. ఆ స్థాయిని తేల్చిన మదింపు ఎప్పుడు జరిగింది, ఏ నమూనా ప్రకారం జరిగింది, సంస్థలో ఏ భాగానికి జరిగింది అనే సంగతులు మాత్రం వార్త మొత్తం వెతికినా దొరకవు.

ఇరవై ఏళ్లకు పైగా నేను ఈ మదింపుల పనిలోనే గడిపాను. సగం కాలం మదింపు చేయించుకునేవారితో కలిసి బల్లకు ఇటువైపు, మిగతా సగం మదింపు చేసేవారితో కలిసి అటువైపు కూర్చున్నాను. ఈ స్థాయిలను నిర్వచించే చట్రాలు, అంటే పరిణతి నమూనాలు, పనికిమాలినవని చెప్పడం నా ఉద్దేశం కాదు. వాటి వల్ల బాగుపడిన బృందాలను కళ్లారా చూశాను. నా ఫిర్యాదల్లా ఒక్కటే: మదింపులో తేలిన లోపాల జాబితాను బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాం, దాని చివర వచ్చే ఒక్క అంకెను వీధిలోకి తెస్తున్నాం, మీ పత్రిక ఆ అంకెనే శీర్షికలో పెడుతోంది.

ముందు పరిధి సంగతి. సాఫ్ట్‌వేర్, సేవల రంగాల్లో ఎక్కువగా వినిపించే సీఎంఎంఐ (కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్ ఇంటిగ్రేషన్) నమూనాలో స్థాయి సంస్థ పేరుకు రాదు, మదింపుకు ముందు రాతపూర్వకంగా ఒప్పుకున్న విభాగానికి వస్తుంది. ఆ విభాగం ఒక భవనంలో రెండు అంతస్తులు కావచ్చు, ఒకే క్లయింటుకు పనిచేసే నాలుగు ప్రాజెక్టులు కావచ్చు. పదివేల మంది పనిచేసే సంస్థలో మూడు వందల మంది పని చూసి ఇచ్చిన స్థాయిని అందరికీ పంచిపెట్టడం, ఇంట్లో ఒక్కడు పరీక్ష పాసైతే ఇంటిల్లిపాదీ పట్టభద్రులమని చెప్పుకోవడం లాంటిది. పైగా ఆ స్థాయికి గడువుంది. పూర్తి స్థాయి మదింపు ఫలితం మూడేళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత మళ్లీ చేయించుకోవాలి. గడువు తీరిన పత్రాలు స్వాగత గదుల గోడల మీద తళతళలాడుతూ ఉండటం నేను చాలాసార్లు చూశాను.

ఈ అంకె మీద ఇంత మోజు ఎలా పెరిగిందో తెలియాలంటే నమూనా పుట్టుకలోకి వెళ్లాలి. నాణ్యతా నిపుణుడు ఫిలిప్ క్రాస్బీ 1979లో వెలువడిన తన పుస్తకంలో ఒక పట్టిక ఇచ్చాడు. నాణ్యత విషయంలో ఒక యాజమాన్యం అయోమయంతో మొదలై, మేలుకొలుపు, జ్ఞానోదయం, వివేకం మీదుగా నిశ్చయానికి ఎలా చేరుతుందో అందులో ఐదు గడుల్లో వివరించాడు. 1980ల్లో అమెరికా రక్షణ శాఖకు సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టులు పెద్ద తలనొప్పిగా ఉండేవి. గడువులు దాటిపోయేవి, ఖర్చు పెరిగిపోయేది, చివరికి చేతికొచ్చినది పనిచేస్తుందో లేదో తెలిసేది కాదు. ఆ శాఖ నిధులతో 1984లో పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఐబీఎంలో 27 ఏళ్లు పనిచేసిన వాట్స్ హంఫ్రీ 1986లో అక్కడ చేరి, ఆ ఐదు గడుల ఆలోచనను సాఫ్ట్‌వేర్ పనికి అన్వయించాడు. 1991లో సీఎంఎం (కేపబిలిటీ మెచ్యూరిటీ మోడల్) మొదటి కూర్పు, 1993లో బాగా వాడుకలోకి వచ్చిన 1.1 కూర్పు, 2000లో దానికి వారసురాలిగా సీఎంఎంఐ వచ్చాయి. 2016 నుంచి ఆ నమూనా బాగోగులను ఇసాకా అనే వృత్తి సంఘం చూస్తోంది. 2018లో 2.0, 2023లో 3.0 కూర్పులు వెలువడ్డాయి.

ఈ చరిత్రలో నాకు ముఖ్యంగా తోచేది 1987లో హంఫ్రీ బృందం వెలువరించిన ఒక నివేదిక పేరు. కాంట్రాక్టర్ల సాఫ్ట్‌వేర్ సామర్థ్యాన్ని మదింపు చేసే పద్ధతి అని ఆ పేరులోనే ఉంది. అంటే పని చేసే సంస్థ తన లోపాలను తాను తెలుసుకోవడానికి పనికొచ్చే ప్రశ్నలే, పని ఇచ్చేవాడు ఎవరికి ఇవ్వాలో తేల్చుకోవడానికి కూడా పనికొస్తాయని మొదటి నుంచీ అనుకున్నారు. చిక్కంతా అక్కడే మొదలైందని నా అభిప్రాయం. వైద్యుడి ముందు కూర్చున్నప్పుడు మనం ఉన్న నొప్పులన్నీ చెబుతాం, లేనివి కూడా ఒకటి రెండు గుర్తు చేసుకుని మరీ చెబుతాం. ఉద్యోగానికి ఇంటర్వ్యూలో కూర్చున్నప్పుడు అవే నొప్పుల గురించి నోరు మెదపం. ప్రశ్నలు ఒకటే అయినా జవాబులు ఒకటి కావు. టెండరు పత్రంలో “మూడో స్థాయి, ఆపైన ఉన్నవారే దరఖాస్తు చేయాలి” అన్న వాక్యం చేరిన రోజున మదింపు గది ఇంటర్వ్యూ గదిగా మారిపోతుంది.

ఇక స్థాయిల విషయానికి వస్తే, మీ వార్తల్లో వాటిని పరీక్షలో వచ్చే శ్రేణుల్లాగా రాస్తున్నారు గాని, అవి నిజానికి ఒక బృందం ఏ రకం ప్రశ్నకు జవాబు చెప్పగలదో తెలిపే గుర్తులు. మొదటి స్థాయిలో పని జరగదని కాదు, చాలా బాగా కూడా జరగవచ్చు. కాకపోతే అది ఎవరో ఒకరిద్దరి సత్తా మీద, వాళ్ల రాత్రి నిద్ర మీద నడుస్తుంది. ఆ ఒక్క మనిషి సెలవు పెడితే పనికి దిక్కుండదు. రెండో స్థాయిలో ప్రతి ప్రాజెక్టూ తన మాట తాను నిలబెట్టుకోవడం నేర్చుకుంటుంది. ఇంత పని, ఇన్ని రోజులు అని ముందు అనుకోవడం, అనుకున్నదాన్ని జరిగినదానితో పోల్చి చూసుకోవడం, మార్పులను అదుపులో ఉంచుకోవడం ఈ స్థాయి సారం. 1993 నాటి కూర్పులో మొత్తం 18 కీలక ప్రక్రియా రంగాలుంటే అందులో ఆరు ఈ రెండో స్థాయివే. చెప్పుకోవడానికి ఇది చాలా సాదాగా ఉంటుంది కాబట్టి ఎవరూ దీని గురించి పత్రికా ప్రకటన ఇవ్వరు. నేను చూసిన నిజమైన మెరుగుదలలో ఎక్కువ భాగం మాత్రం ఇక్కడే జరిగింది.

ఒక చిన్న బృందం సంగతి చెప్పనివ్వండి. పన్నెండు మంది ఉండేవారు. ప్రతి నెలా పరీక్షల దశలో పని ఇరుక్కుపోయేది, ఆ దశకు అనుకున్న రోజులకు రెట్టింపు పట్టేది. పరీక్షించే వాళ్లకు పని రాదని మిగతావాళ్లు, చెత్త ఇచ్చి పరీక్షించమంటున్నారని వీళ్లు వాదులాడుకునేవారు. మేం చేసిందల్లా గోడ మీద ఒక పెద్ద కాగితం అంటించి, ప్రతి పనికీ అనుకున్న రోజులు, పట్టిన రోజులు పక్కపక్కన రాయించడం. ఆరు వారాలు గడిచాక ఆ కాగితం ముందు నిలబడి చూస్తే, అన్ని పనులూ ఆలస్యం కావడం లేదని తేలింది. క్లయింటు ఫోన్ చేసి నేరుగా ప్రోగ్రామర్‌కు మార్పు చెప్పిన పనులే ఆలస్యమవుతున్నాయి. అతడు మాట తీసెయ్యలేక ఆ మార్పు చేసేవాడు, పరీక్షించే ఆమెకు ఆ సంగతి తెలియక దాన్ని లోపమని రాసేది, అతడు లోపం కాదని తిప్పి పంపేవాడు. ఆ రాకపోకల్లో ఒక్కో మార్పుకు రెండు మూడు రోజులు కొట్టుకుపోయేవి. చివరికి నల్ల అట్ట వేసిన ఒక పుస్తకం కొన్నారు. ఎవరికి ఎక్కడి నుంచి ఏ మార్పు వచ్చినా అందులో రాశాకే పని ముట్టుకోవాలని నియమం పెట్టుకున్నారు. రెండు నెలల్లో పరీక్షల దశ దారికొచ్చింది. నమూనా భాషలో దీన్ని అవసరాల నిర్వహణ అంటారు. ఆ బృందం ఆ మాట ఎప్పుడూ వాడలేదు, ఆ పుస్తకాన్ని మాత్రం చాలా ఏళ్లు వాడింది.

మూడో స్థాయిలో ఇలా విడివిడిగా నేర్చుకున్న పద్ధతులన్నీ సంస్థ మొత్తానికీ ఉమ్మడిగా ఖాయమవుతాయి. నాలుగో స్థాయి అంకెలది. ఈ రెండింటి వరుసను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గాని, వరుసకు గట్టి కారణముంది. ఒక బృందం తెరమీది అక్షర దోషాన్ని కూడా లోపంగా లెక్కిస్తుంది, ఇంకో బృందం వినియోగదారుడు ఫిర్యాదు చేస్తేనే లోపమంటుంది. ఈ రెండు లెక్కలను ఒకే రేఖాచిత్రంలో కలిపి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థమేమిటి? లోపమంటే ఏమిటో మూడో స్థాయిలో ఒక్కమాట మీదికి రాకుండా నాలుగో స్థాయి కొలతలకు దిగడం నేల విడిచి సాము చేయడమే. కొలతల వెనకున్న ఆలోచన సాఫ్ట్‌వేర్ కంటే చాలా పాతది. వెస్ట్రన్ ఎలక్ట్రిక్ సంస్థలో పనిచేస్తున్న వాల్టర్ షూహార్ట్ 1924 మే నెలలో రాసిన చిన్న మెమోలో నియంత్రణ పటాన్ని గీసి చూపించాడు. ఏ పనిలోనైనా ఫలితాలు కొద్దిగా అటూఇటూ ఊగుతాయి. ఆ సహజమైన ఊగిసలాట ఎంతో తెలిస్తే, దాన్ని దాటి వెళ్లిన రోజున ప్రత్యేక కారణం వెతకాలి, దాటనప్పుడు మనుషుల వెంటపడకూడదు. నాలుగో స్థాయి అడిగేది ఈ వివేకాన్నే. అది లేనిచోట, ఈ వారం లోపాలు పది నుంచి పన్నెండుకు పెరిగాయని ఒక మేనేజరు బృందాన్నంతా కూర్చోబెట్టి గంటసేపు చీవాట్లు పెట్టడం చూశాను. మరుసటి వారం అవి తొమ్మిదికి తగ్గాయి. చీవాట్లు పనిచేశాయని ఆయన ఇప్పటికీ నమ్ముతున్నాడు. ఆ బృందం లోపాలు అంతకుముందు ఏడాది పొడవునా ఏడుకూ పద్నాలుగుకూ మధ్యనే తిరుగుతున్నాయి.

ఐదో స్థాయి అంటే దోషరహితమని మీ వార్తలు సూచిస్తున్నాయి. తన తప్పుల నుంచి క్రమపద్ధతిలో నేర్చుకోగలగడమే ఐదో స్థాయి. అమెరికా అంతరిక్ష షటిల్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను రాసిన హ్యూస్టన్‌లోని ఐబీఎం బృందం 1989లో ఐదో స్థాయి పొందింది, తొలిసారిగా ఆ స్థాయి పొందిన బృందం అదే. వాళ్లు ఒక తప్పు దొరికితే దాన్ని దిద్దడంతో ఆగేవారు కాదు. ఆ తప్పు ఇన్ని తనిఖీలు దాటుకుని ఎలా రాగలిగింది, అదే దారిలో ఇంకేమైనా వచ్చి ఎక్కడైనా దాక్కుని ఉన్నాయా అని వెతికేవారు, ఆ దారి మూసేవారు. ఇక్కడ ఒక తేదీ గమనించాలి. మొదటి షటిల్ నింగికెగిరింది 1981లో, హంఫ్రీ బృందం ఐదు స్థాయిల చట్రాన్ని వెలువరించింది 1987లో. ఆ బృందం మెట్లు చూసి ఎక్కలేదు. ప్రాణాలు పోతాయన్న భయం వాళ్లకు ఆ అలవాట్లు నేర్పింది, నమూనా వచ్చాక వాటికి ఒక అంకె దొరికింది.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే అనుభవం ఒకటి నాకు తగిలింది. సంస్థ పేరు అనవసరం. మదింపు బృందంలో సభ్యుడిగా వెళ్లాను. సమీక్షల రికార్డులు చూపించమంటే ఏడు వారాల రికార్డులు తెచ్చి పెట్టారు. అన్నింటి మీదా సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే సిరాతో ఉన్నాయి. అందులో ఒకటి ఆఫీసుకు సెలవున్న రోజు తేదీతో ఉంది. అరవై పేజీల పత్రాన్ని నలభై నిమిషాల్లో చదివి లోపాలేవీ లేవని తేల్చిన సమీక్ష కూడా ఒకటుంది. సరే, ప్రాజెక్టు ప్లాను చూద్దామని ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఒక అమ్మాయిని అడిగాను. ఆమె తడుముకోకుండా, “ఏ ప్లాను సర్? మేం వాడుకునేదా, మీకు చూపించమన్నదా?” అంది. గదిలో చీమ చిటుక్కుమంటే వినిపించేంత నిశ్శబ్దం. మేనేజరు ఏసీ వైపు చూస్తూ కూర్చున్నాడు.

వాడుకునేదే చూపించమన్నాను. అది రంగులు వేసిన ఒక ఎక్సెల్ షీటు. ఎవరు ఏ పని చేస్తున్నారు, ఏది ఎన్ని రోజులు వెనక్కి జరిగింది, ఎందుకు జరిగింది, దాని వల్ల ఇంకెవరి పని వెనక్కి వెళ్లింది అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. మాకు చూపించమన్నది నలభై పేజీల టెంప్లేటు. అందులో సగం చోట్ల “వర్తించదు” అని ఉంది, మిగతా సగం వేరే ప్రాజెక్టు నుంచి మక్కికి మక్కి దింపినది, ఒకచోట ఆ పాత ప్రాజెక్టు పేరు కూడా అలాగే మిగిలిపోయింది. విచిత్రమేమిటంటే నమూనా ఆ టెంప్లేటును అడగనే లేదు. అప్పట్లో అమల్లో ఉన్న సీఎంఎంఐ 1.3 కూర్పు ప్రకారం తప్పనిసరిగా నెరవేరాల్సినవి లక్ష్యాలు మాత్రమే. వాటికి దారితీసే ఆచరణలు అపేక్షితమైనవి, వాటికి బదులు అంతే ఫలితమిచ్చే వేరే పద్ధతి ఉన్నా ఒప్పుకుంటారు, అంతకంటే కిందున్న వివరమంతా కేవలం సమాచారం కోసం. ఆ నలభై పేజీలు ఆ సంస్థలోని క్వాలిటీ విభాగం సొంత సృష్టి. ఆ ప్రాజెక్టు ప్లానింగు విషయంలో గట్టెక్కింది అంటే ఆ అమ్మాయి ఎక్సెల్ షీటు పుణ్యమే. రెండు ప్లాన్లు నడపడాన్ని లోపాల జాబితాలో రాశాం. దాన్ని తీసేయమని చివరి రోజు రాత్రి దాకా బతిమాలారు. తర్వాత కొన్ని వారాలకు ఆ విభాగం స్థాయిని సంస్థ స్థాయిగా చెబుతూ ఒక ప్రకటన వచ్చింది, కొన్ని పత్రికలు దాన్ని ఉన్నదున్నట్టు అచ్చువేశాయి. ఆ అమ్మాయికి ఎవరైనా మంచిమాట చెప్పారో, లేక నోరు జారినందుకు కోప్పడ్డారో నాకు తెలియదు. రెండోదే జరిగి ఉంటుందని భయం.

కొలమానం లక్ష్యంగా మారితే అది కొలమానంగా పనికిరాదన్న సూత్రాన్ని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుతో చెబుతారు. ఆయన 1975లో దాన్ని ద్రవ్య విధానం గురించి చెప్పాడు గాని, మదింపులకు ముందు రెండు వారాల పాటు రాత్రింబవళ్లు పాత తేదీలతో కాగితాలు తయారుచేసే వాళ్లను చూసి ఉంటే అదే మాట ఇంకా ఘాటుగా చెప్పేవాడేమో.

అంకెల విషయంలోనే ఇంకో పొరపాటు మీ పుటల్లో కనిపిస్తోంది. “సగటు పరిణతి 3.4” లాంటి మాటలు ఈమధ్య సర్వేల పేరుతో అచ్చవుతున్నాయి. స్థాయిలు వరుసను చెబుతాయి, దూరాన్ని చెప్పవు. ఒకటికీ రెండుకూ మధ్య ఉన్న కష్టం, నాలుగుకూ ఐదుకూ మధ్య ఉన్న కష్టం ఒకటి కావు. పరుగుపందెంలో వచ్చిన స్థానాలను కూడి సగటు తీస్తే ఎవరు ఎంత వేగంగా పరుగెత్తారో తెలియనట్టే, ఇక్కడా ఏమీ తెలియదు. ఒక సంస్థ మార్పుల అదుపులో గట్టిగా, ఉపకాంట్రాక్టుల విషయంలో అధ్వానంగా ఉంటే సగటు రెండింటినీ కప్పేస్తుంది. అందుకే ఒక్కో ప్రక్రియకు విడిగా సామర్థ్యాన్ని చెప్పే పద్ధతి కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ రంగంలో స్పైస్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఐఎస్ఓ 15504 ప్రమాణం ఒక్కో లక్షణం ఎంతవరకు నెరవేరిందో నాలుగు మాటల్లో చెప్పేది. 15 శాతం లోపైతే నెరవేరలేదని, 50 వరకు పాక్షికమని, 85 వరకు చాలామేరకని, ఆపైన పూర్తిగానని. ఒక స్థాయి దక్కాలంటే ఆ స్థాయి లక్షణాలు కనీసం చాలామేరకు, కింది స్థాయిలవి పూర్తిగా నెరవేరాలి. 2015 నుంచి దాని స్థానంలోకి 33000 వరుస ప్రమాణాలు వచ్చాయి. ఇలాంటి మదింపులో చివరికి చేతికొచ్చేది ఒక పట్టిక. శీర్షికలో పట్టదు కాబట్టి దానికి ప్రచారం లేదు, పని చేసేవాళ్లకు మాత్రం ఎక్కడ చెయ్యి వెయ్యాలో చెప్పేది అదే.

నమూనాల మీద విమర్శ కొత్తది కాదు. పరీక్షకుడు జేమ్స్ బాక్ 1994లోనే సీఎంఎం అపరిణతి గురించి ఘాటైన వ్యాసం రాశాడు. మనుషుల నేర్పును పక్కనబెట్టి ప్రక్రియను గద్దెనెక్కిస్తోందని, దాని వెనక గట్టి సిద్ధాంత పునాది లేదని ఆయన వాదన. కొంత అతిశయోక్తి ఉన్నా, మొదటి స్థాయి అని ముద్ర పడిన చోట్ల అద్భుతమైన సాఫ్ట్‌వేర్ పుడుతోంది కదా అన్న ఆయన ప్రశ్నకు నాకు ఇంతవరకు పూర్తి జవాబు దొరకలేదు. అంతకు రెండేళ్ల ముందు ఆంథనీ ఫింకెల్‌స్టీన్ అనే బ్రిటిష్ ఆచార్యుడు సరదాగా సున్నా, మైనస్ ఒకటి, మైనస్ రెండు స్థాయిలను ప్రతిపాదించాడు. మూర్ఖం, మందబుద్ధి, ఉన్మాదం అని వాటికి పేర్లు. నవ్వులాటకు రాసినదే అయినా, పనికి అడ్డుపడే ప్రక్రియలున్న సంస్థ ఏ ప్రక్రియా లేని సంస్థ కంటే కింద ఉంటుందన్న సంగతి అందులో ఉంది. అసలు నమూనాలో ఆ సంగతి చెప్పడానికి చోటే లేదు.

హంఫ్రీ విషయంలో ఒక మాట చెప్పకపోతే అన్యాయం. సంస్థలకు మెట్లు కట్టిన తర్వాత ఆయన ఊరుకోలేదు. అదే క్రమశిక్షణ ఒక్క మనిషి పనికి ఎలా వర్తిస్తుందో చూడాలని, తానే కూర్చుని అరవైకి పైగా చిన్న ప్రోగ్రాములు రాసి, తన తప్పులను, తన అంచనాలను తానే లెక్కగట్టుకున్నాడు. పక్కవాడి పరిణతిని కొలిచే ముందు తన మీద ప్రయోగం చేసుకున్న మదింపుదారులను నేను పెద్దగా చూడలేదు. నన్ను కూడా అందులో కలుపుకునే చెబుతున్నాను.

సాఫ్ట్‌వేర్ దాటి ఈ ఐదు మెట్ల ఆలోచన ఇప్పుడు మానవ వనరులకు, ప్రాజెక్టుల నిర్వహణకు, భద్రతకు, ప్రజారోగ్యానికి కూడా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో మొదలుపెట్టిన ఉమ్మడి బాహ్య మదింపులో ఒక దేశం అంటువ్యాధులను పసిగట్టి ఎదుర్కోగల సామర్థ్యాన్ని 19 రంగాల్లో ఒకటి నుంచి ఐదు వరకు అంకెలతో చెబుతారు. అదే ఉద్దేశంతో వేరే సంస్థలు 2019 అక్టోబరులో వెలువరించిన ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీలో అమెరికా నూటికి 83.5 మార్కులతో మొదటి స్థానంలో, బ్రిటన్ రెండో స్థానంలో నిలిచాయి. కొద్ది నెలల్లో కొవిడ్ వచ్చింది. 2022 మే నాటికి ఆ మొదటి స్థానం దేశంలో పది లక్షలకు పైగా ప్రాణాలు పోయాయి. సూచీ అబద్ధం చెప్పిందని నేననను. ప్రయోగశాలలు ఉన్నాయా, ప్రణాళికలు ఉన్నాయా అని అది అడిగింది, ఉన్నాయని జవాబు వచ్చింది. అవసరమైన రోజున నాయకత్వం వాటిని వాడుతుందా, జనం ఆ మాట నమ్ముతారా అన్నది గడుల్లో ఒదిగే ప్రశ్న కాదు. సంస్థల్లోనూ ఇంతే. విపత్తు వేళ ఏం చేయాలో రాసిన పత్రం ఉందా అని అడగడం తేలిక, అర్ధరాత్రి సర్వరు పడిపోతే ఆ పత్రం ఎవరైనా తెరుస్తారా అన్నది ఆ రాత్రే తెలుస్తుంది.

స్థాయిల సంఖ్య మీద కూడా మనకున్న భక్తి అనవసరం. అమెరికా రక్షణ శాఖ తన కాంట్రాక్టర్ల సైబర్ భద్రత కోసం 2020లో సైబర్ సెక్యూరిటీ మెచ్యూరిటీ మోడల్ సర్టిఫికేషన్ అనే ఐదు స్థాయిల నమూనా తెచ్చింది. 2021 నవంబరులో దాన్ని మూడు స్థాయిలకు కుదించింది, పరిణతికి సంబంధించిన ప్రత్యేక నిబంధనలను కూడా తొలగించింది. పేరులో పరిణతి (మెచ్యూరిటీ) అన్న మాట మాత్రం అలాగే ఉంది. ఐదనే అంకెలో ప్రకృతి ధర్మమేమీ లేదని ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

మదింపు చేసేవాళ్లు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదని ఒప్పుకోవాలి. పూర్వం ఏ ప్రాజెక్టులను చూపించాలో ఎంచుకోవడంలో సంస్థకు చాలా స్వేచ్ఛ ఉండేది, సహజంగానే ముద్దుబిడ్డల్లాంటి ప్రాజెక్టులే ముందుకొచ్చేవి. 2018 నాటి 2.0 కూర్పు నుంచి ఎంపిక యాదృచ్ఛిక పద్ధతిలో జరుగుతోంది. ప్రక్రియ పాటించారా అని అడగడంతో పాటు, పాటించినందువల్ల పనితీరులో ఏం మారిందో చూపించమని కూడా ఆ కూర్పు గట్టిగా అడుగుతుంది. ఇది మంచి మార్పు. అయినా పత్రికలకు చేరేసరికి మళ్లీ అదే ఒక్క అంకె మిగులుతోంది, అందుకు మా వృత్తివాళ్లం కూడా బాధ్యులమే. స్థాయి చెప్పే సభకు అందరూ కొత్త బట్టలు వేసుకుని వస్తారు, అంతకు ముందు గంట లోపాలు చదివే సమావేశానికి సగం మంది రారు.

కాబట్టి మీ విలేకరులకు నా విన్నపం ఇది. ఇలాంటి ప్రకటన ఏదైనా మీ బల్ల మీదికి వచ్చినప్పుడు, మదింపు ఏ విభాగానికి జరిగింది, అందులో ఎంతమంది పనిచేస్తారు, సంస్థ మొత్తంలో వాళ్లు ఎంత భాగం అని అడగండి. ఏ నమూనా, ఏ కూర్పు, ఏ నెలలో అని అడగండి. సంస్థ తనంతట తాను చేసుకున్నదా, అధీకృత మదింపుదారు వచ్చి చేసినదా అని అడగండి, ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. అన్నిటికంటే ముఖ్యంగా, మదింపు నివేదికలో రాసిన బలహీనతల్లో ఒకదాన్నైనా చెప్పి, దాన్ని సరిదిద్దడానికి ఏం చేస్తున్నారో వివరించమనండి. బలహీనతలేవీ రాయలేదని జవాబు వస్తే ఆ మాటనే వార్తలో రాయండి, ఈ పని తెలిసిన పాఠకులు అందులోని అర్థం పట్టుకుంటారు. చెప్పడానికి సిద్ధపడిన సంస్థ దొరికితే దాని గురించి నాలుగు వాక్యాలు ఎక్కువ రాయండి. మూడో స్థాయిలో ఉండి తన లోపాన్ని బయటికి చెప్పగలిగిన విభాగం, ఐదో స్థాయి పత్రంతో ఫొటో దిగిన విభాగం కంటే మీ పాఠకులకు ఎక్కువ తెలియాల్సిన విభాగమని నేననుకుంటాను.

ఫొటో వేయక తప్పకపోతే వేయండి. స్థలం చాలలేదని ఆ పత్రం కింది భాగాన్ని మాత్రం కత్తిరించకండి. విభాగం పేరు, గడువు తేదీ సాధారణంగా చిన్న అక్షరాల్లో ఉండేది అక్కడే.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రక్రియా మదింపుదారు